"అంటే ఏంటండీ?": రంగు మాటలు, ముసుగు మాటలు ఎదురైతే నేను చేసే పని

మా పార్లర్ విజయవాడ సత్యనారాయణపురంలో, బీఆర్టీఎస్ రోడ్డుకి రెండు వీధులు ఇవతల. మూడు కుర్చీలు, ఒక ఏసీ, పందొమ్మిదేళ్ల సర్వీసు. కుర్చీలో కూర్చున్న మనిషి గంటసేపు ఎక్కడికీ పోదు. ముఖానికి ప్యాక్ వేసి, కళ్ల మీద కీరా ముక్కలు పెట్టాక లోపల ఉన్నవన్నీ బయటికొస్తాయి. "ఈ పిల్లకి రంగు తక్కువ, కాస్త తేల్చండి." "పక్క పోర్షన్‌లోకి ఎవరో దిగారు, మనవాళ్లు కాదులెండి." "ధర్నా చౌక్‌లో కూర్చున్నవాళ్లంతా డబ్బులకి వచ్చినవాళ్లే." "ఆ చైనా పిల్ల వద్దు, మీరే చేయండి."

వీటికి ఏం జవాబు చెప్పాలో మొదటి పదేళ్లు నాకు తెలియలేదు. నవ్వేసేదాన్ని. తర్వాత నాలుగేళ్లు ఉపన్యాసాలిచ్చాను. కస్టమర్లు పోయారు గానీ మాటలు పోలేదు, వేరే పార్లర్‌లో అనుకున్నారంతే. ఇప్పుడు నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. పార్లర్ ఉన్నవాళ్లకే కాదు, అత్తగారితో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుతో, అమెరికాలో కొడుకున్న పిన్నితో వేగేవాళ్లకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మీ సొంత బోర్డు చదవండి

2020 వరకు మా గోడ మీద "ఫెయిర్‌నెస్ ఫేషియల్ – 650" అని ఉండేది. ఆ ఏడాది మే 25న అమెరికాలో మినియాపొలిస్ అనే ఊళ్లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపాడు. ఆ వేడి సముద్రాలు దాటి ఇక్కడిదాకా వచ్చింది. జూన్‌లో షాదీ డాట్ కామ్ వాళ్లు రంగునిబట్టి సంబంధాలు వెతికే మీట తీసేశారు. జులైలో, 1975 నుంచి మన అద్దాల ముందు కూర్చున్న ఫెయిర్ అండ్ లవ్లీ, గ్లో అండ్ లవ్లీ అయింది. లాక్‌డౌన్‌లో ఖాళీగా ఉన్నాను కదా, నేనూ బోర్డు మార్చాను. "గ్లో ఫేషియల్ – 650." క్రీమ్ అదే, డబ్బా అదే, రేటు కూడా అదే. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. బోర్డు చూసి "అమ్మా, గ్లో అంటే ఏంటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఈ పద్ధతి మొత్తం ఆ ప్రశ్నలోంచే పుట్టింది.

కాబట్టి ఎదుటివాళ్ల జోలికి వెళ్లేముందు ఒక వారం మీ నోట్లోంచి వచ్చే మాటలు రాసుకోండి. నేను కరెంటు బిల్లు వెనకాల రాసుకున్నాను. "టాన్ బాగా పట్టేసిందమ్మా" అని వారంలో పద్నాలుగు మందితో అన్నాను. వాళ్లలో సగం మందికి అది టాన్ కాదు, పుట్టిన రంగు. తెలుసుకోవడం సులువే. జబ్బ లోపలి వైపు, ఎండ తగలని చోట చూస్తే అదే ఆ మనిషి అసలు రంగు. ముఖం అంతకంటే నల్లగా ఉంటే ఎండ పని. సమానంగా ఉంటే అక్కడ తీసేయడానికి ఏమీ లేదు. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను, తోటి పార్లర్ వాళ్లు తిట్టుకుంటే తిట్టుకోండి: బ్లీచ్ మారుస్తున్నది ముఖ్యంగా ముఖం మీద నూగు వెంట్రుకల రంగుని. అందుకే నాలుగు వారాలకి మళ్లీ వస్తారు.

రాసుకుంటే ఇంకా ఏమేం బయటపడతాయో చూడండి. మనం తెల్లగా ఉన్నవాళ్లని "ఎర్రగా ఉంది" అంటాం, "పచ్చగా ఉంది" అంటాం, "దబ్బపండులా ఉంది" అంటాం. రంగులన్నీ పొగడ్తలే, ఒక్క నలుపు తప్ప. నలుపుకి మాత్రం పక్కన ఒక ఊతకర్ర కావాలి: "నల్లగా ఉన్నా కళగా ఉంది." ఆ "ఉన్నా" అనే రెండక్షరాల్లో ఉంది మొత్తం వ్యవహారం. నేనూ నలుపే. ఆ "ఉన్నా" నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు.

ఒక్క మాట అడగండి, నోరు మూసుకోండి

పద్ధతి ఇది. ఎదుటివాళ్లు ముసుగు మాట వాడగానే "అంటే ఏంటండీ?" అనండి. గొంతులో వెటకారం ఉండకూడదు. నిజంగా తెలియక అడిగినట్టు ఉండాలి. తర్వాత మాట్లాడకండి. ఇదే కష్టం. మన నోరు ఖాళీ భరించలేదు, మనమే జవాబు అందించేస్తాం. నేను చేతికి పని పెట్టుకుంటాను, దువ్వెనలో వెంట్రుకలు తీస్తాను, దూది చుడతాను. త్రెడింగ్ చేసేటప్పుడు మాత్రం ఈ ప్రశ్న వద్దు. దారం నా పళ్ల మధ్య ఉంటుంది, జవాబు చెప్పడానికి ఆవిడ తల తిప్పితే కనుబొమ్మ పోతుంది. ఒకసారి పోయింది కూడా.

ముసుగు మాట బలమంతా అది విప్పకుండా ఉండటంలోనే ఉంది. "మనవాళ్లు" అన్నావిడ నేను తలూపుతానని అనుకుంటుంది. తలూపితే ఇద్దరం ఒకటైపోయాం. ఊపకుండా "అంటే?" అంటే ఆవిడే పూర్తి మాట చెప్పాలి. పూర్తిగా చెప్పేసరికి చాలామందికి తమ మాట తమకే బాగోదు. "అంటే... అదే... మన లాంటి వాళ్లు... పద్ధతిగా..." అని నీళ్లు నములుతారు. అక్కడ ఆపేయండి. గెలిచినట్టు ముఖం పెట్టకండి. "సరే, తల కాస్త వెనక్కి వాల్చండి" అని పనిలో పడండి. నీళ్లు నమలడమే మనకి కావలసింది. ఆ రాత్రి మిగతాది ఆవిడే నములుకుంటుంది.

మనిషిని బట్టి మోతాదు మార్చాలి. అలవాటుగా అనేవాళ్లు నూటికి ఎనభై మంది ఉంటారేమో, నా అంచనాలెండి, ఎవరూ లెక్కపెట్టలేదు. వాళ్లకి ఒక్క "అంటే" చాలు. తెలియక అనేవాళ్లుంటారు, ముఖ్యంగా పిల్లలు. వాళ్లకి ప్రశ్న కాదు, సంగతి చెప్పాలి. ఇక తెలిసి, కావాలని, పక్క కుర్చీలో ఉన్న మనిషికి తగలాలని అనేవాళ్లు. వాళ్ల దగ్గర ఈ ప్రశ్న వృథా, వాళ్లు సంతోషంగా విప్పి చెబుతారు. వాళ్ల సంగతి చివర్లో చెబుతాను.

పెద్దవాళ్లతో

డెబ్బై దాటినవాళ్లని "అంటే ఏంటి మామ్మగారూ?" అంటే "నీకు తెలీదుటే?" అని మనల్నే ఆడుకుంటారు. వాళ్లతో వాళ్ల సరంజామాతోనే మాట్లాడాలి. మనవరాలిని తీసుకొచ్చి "నల్లపిల్ల, ఎవరు చేసుకుంటారే" అన్న పెద్దావిడతో నేను అడిగాను: "మామ్మగారూ, పొద్దున్నే ఏ ఏట్లో మునిగొచ్చారు?" "కృష్ణలో." "కృష్ణ అంటే రంగేంటండీ?" ఆవిడకి సంస్కృతం నాకంటే బాగా వచ్చు. నవ్వేసింది. ద్రౌపదికి కూడా కృష్ణ అనే పేరుందని ఆవిడే గుర్తుచేసింది. నల్లటి ఏటి ఒడ్డున ఊరు కట్టుకుని నలుపంటే భయపడటం మనకే చెల్లింది.

ఒక జాగ్రత్త. "నలుపు నారాయణ మెచ్చు" అనే సామెత మాత్రం పిల్లల ముందు వాడకండి. అది ఓదార్పు మాట. ఏ తప్పూ జరగని చోట ఓదార్చితే ఏదో తప్పు జరిగిందనే పిల్లకి అర్థమవుతుంది. నా చిన్నతనంలో మా మేనత్త ప్రతి పండక్కీ ఆ సామెత చెప్పేది. నన్ను మెచ్చుకోవడానికి దేవుడే దిగి రావాలా అనిపించేది, మనుషులు చాలరా అని.

పెళ్లి బయోడేటాల్లో "రంగు" అనే గడి ఇంకా ఉంటోంది. మా మేనకోడలికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఆ గడి తీసేయమన్నాను. పేరయ్యగారు "ఏదో ఒకటి రాయాలమ్మా, చామనఛాయ అని వేద్దాం" అన్నారు. "ఫొటో పంపుతున్నాం కదండీ, గడి ఎందుకు?" అని అడిగాను. ఆలోచించి, "నిజమే, అలవాటు" అన్నారు. గడి పోయింది. అంతకంటే పెద్ద పోరాటం ఏమీ చేయలేదు. గడి తీయించడం ఎవరైనా చేయొచ్చు, ఎవరితోనూ పేచీ ఉండదు.

పెళ్లికూతుళ్లకి మేకప్ వేసేటప్పుడు తల్లులతో పేచీ మాత్రం ప్రతిసారీ ఉంటుంది. "రెండు షేడ్లు తెల్లగా వేయండి" అంటారు. నేను సిద్ధాంతం మాట్లాడను, పని చూపిస్తాను. అమ్మాయి దవడ మీద మూడు షేడ్లు గీతల్లా పెట్టి, గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూపిస్తాను. ఏ గీత కనపడకుండా కలిసిపోతుందో అది ఆ అమ్మాయిది. తెల్లటి గీత బూడిద పూసినట్టు నిలబడుతుంది. "ఫొటోలో మెడ, చేతులు కూడా పడతాయమ్మా, తలంబ్రాలు పోసేది చేతులతోనే కదా" అంటే చాలామంది తగ్గుతారు. నల్లటి చర్మం మీద కళ్ల కింద నలుపు పోవాలంటే తెల్ల కన్సీలర్ కాదు, ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా వేయాలి. నేను నేర్చుకునేటప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు. మాకు మేకప్ నేర్పినప్పుడు కిట్‌లో నా రంగు షేడే లేదు, నా చేతి మీద నేను ప్రాక్టీసు చేసుకోలేకపోయాను.

క్రీముల దగ్గర నవ్వులాట వద్దు

ఇక్కడ మాత్రం ప్రశ్నలు అడుగుతూ కూర్చోకండి. మూడేళ్ల కిందట ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, గడ్డం కింద కొత్తగా వెంట్రుకలు. ఎండలోకి వెళ్తే మంట అంది. ఒక్క రోజు క్రీమ్ మానితే ముఖం ఎర్రగా ఉబ్బిపోతోందట. ఏ క్రీమ్ అంటే బ్యాగులోంచి ట్యూబ్ తీసింది. దాని మీద చీమ తలకాయంత అక్షరాల్లో మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉన్నాయి. మందుల షాపులో "తెల్లబడే క్రీమ్" అని అడిగితే ఇచ్చారట. ఏడాదిన్నర నుంచి పౌడర్‌లా రాస్తోంది.

పేరు చివర "సోన్" అనో "సాల్" అనో ఉంటే, మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి, అది స్టెరాయిడ్ అయ్యుండొచ్చని అనుమానించండి. చర్మ జబ్బులకి డాక్టరు కొద్ది రోజులకి రాసే మందు అది, అందానికి కాదు. చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని 2018లో కేంద్రం నియమం బిగించింది కూడా. మొదట్లో తెల్లబడుతుంది, నిజమే. తర్వాత చర్మం పలచబడి, అది లేకుండా ఉండలేని స్థితికి వస్తుంది. అలాంటి ట్యూబ్ చూస్తే "పారేయ్" అనకండి, ఒక్కసారిగా ఆపినా ముఖం భగ్గుమంటుంది. చర్మ డాక్టరు దగ్గరికి పంపండి, ట్యూబ్‌తో సహా. ఆ అమ్మాయిని నేనే వెంటబెట్టుకెళ్లాను. కోలుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఏం రాసుందో తెలియని, తయారుచేసినవాళ్ల చిరునామా లేని డబ్బా క్రీములు ఇంకా భయం. తెల్లబరిచే క్రీముల్లో కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మన కాస్మెటిక్స్ నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపకూడదు. తెలియకుండా చేరినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. ఇప్పుడు కొత్తగా గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు అడుగుతున్నారు. రంగు తేల్చడానికి ఆమోదం ఉన్న ఇంజెక్షన్ కాదది. సూది పట్టుకునే పార్లర్ ఏదైనా సరే లేచి వచ్చేయండి, మాది అయినా. కొరియా గ్లాస్ స్కిన్ సంగతి అంత ప్రమాదం కాదు, డబ్బులు పోతాయంతే. మన మే నెల ఎండలో ముఖం మెరవడానికి ప్రత్యేకంగా ఖర్చు దేనికో నాకైతే అర్థం కాదు.

ఇలాంటి పిల్లతో మాట్లాడేటప్పుడు "రంగులో ఏముందమ్మా" అని వేదాంతం చెప్పకండి. రంగు వల్ల ఆ పిల్లకి ఏం జరిగిందో అడగండి. ఆ అమ్మాయికి ఒక ఉద్యోగంలో ఫ్రంట్ ఆఫీసు నుంచి లోపలి గదికి మార్చారు. "మీ ప్రొఫైల్ బ్యాక్ ఆఫీస్‌కి సూట్ అవుతుంది" అన్నారట. అదీ ముసుగు మాటే. 2014లో ప్రకటనల నియంత్రణ మండలి ఆస్కీ, నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, ఉద్యోగం, పెళ్లి రానివాళ్లుగా ప్రకటనల్లో చూపకూడదని రాసింది. ప్రకటనలో ఆపారు. లోపలి గదికి మార్చేవాళ్లని ఎవరాపాలి?

మీరేమిట్లు?

మీ కులమేంటి అని అడగడమన్నమాట. కృష్ణా, గుంటూరుల్లో ఈ ప్రశ్న తెలియనివాళ్లు ఉండరు. మర్యాదస్తులు దీన్ని నేరుగా అడగరు. "ఇంటిపేరేంటి?" అంటారు. అందులో తేలకపోతే "ఏ ఊరు?" తర్వాత "ఊళ్లో ఏ వైపు?" అప్పటికీ తేలకపోతే "మీరు నీచు తింటారా?" నాలుగు ప్రశ్నల్లో మనిషిని తూకం వేసేస్తారు. (ఇది చదువుతూ నేనేమిట్లో కొందరు ఇప్పటికే లెక్కేస్తున్నారని నాకు తెలుసు. కానివ్వండి.)

ఈ ప్రశ్న మిమ్మల్నే అడిగితే రెండు దారులున్నాయి. చెప్పడం ఇష్టమైతే తలెత్తి చెప్పండి. లేకపోతే "దేనికండీ?" అనండి. "ఊరికే" అంటారు. "ఊరికే అయితే మరి వదిలేద్దాం" అనండి. నవ్వుతూ అనాలి, కళ్లలోకి చూస్తూ అనాలి.

ఇళ్ల అద్దె దగ్గర ఈ పద్ధతి నాకు ఓడిపోయింది, అది కూడా చెప్పాలి. 2021లో మా దగ్గర పనికి మణిపూర్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, చురాచాంద్‌పూర్ పిల్ల. గది కోసం పదకొండు ఇళ్లు తిరిగాం. "ఫ్యామిలీస్‌కే ఇస్తాం." "ప్యూర్ వెజ్." "పద్ధతి గలవాళ్లకి." ఒకాయన్ని "పద్ధతి అంటే ఏంటండీ?" అని అడిగాను. "వాళ్ల వంటల వాసన..." అన్నారు. అప్పుడే వాళ్ల వంటింట్లోంచి ఎండు చేపల వేపుడు వాసన వస్తోంది. ఇద్దరం విన్నాం, ఇద్దరం పీల్చాం. అయినా గది ఇవ్వలేదు. చివరికి సింగ్ నగర్‌లో ఒక పెద్దావిడ ఇచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి ఆ గది నడుము లోతు మునిగినప్పుడు పక్క మేడవాళ్లు అమ్మాయిని పైకి లాక్కున్నారు, ఇంటిపేరు అడగలేదు. నీళ్లు తీసిన పది రోజులకి అడిగారు.

గొడవ అనే మాట

ముసుగు మాటల్లో నాకు అన్నిటికంటే మంట పుట్టించేది "గొడవ." 1991లో నేను తెనాలిలో నాలుగో తరగతి. ఆగస్టు 6న పక్కనే చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. సినిమా హాల్లో కాలు తగిలిందనే మాటతో మొదలైంది. మా ఇంట్లో, వీధిలో, బడిలో దాన్ని "చుండూరు గొడవ" అనేవాళ్లు. గొడవంటే ఇద్దరు కొట్టుకోవడం. కుళాయి దగ్గర జరిగేది గొడవ. ఎనిమిది శవాలు గొడవెలా అవుతాయి? ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఇవన్నీ జరిగినా ఇంకా నా కుర్చీలో "అప్పట్లో ఏదో గొడవైందిగా" అంటారు.

2023 మే 3న మణిపూర్ తగలబడటం మొదలైంది. ఇంటర్నెట్ ఆపేశారు. మా పార్లర్‌లోని మణిపూర్ అమ్మాయి వాళ్లమ్మతో మాట్లాడటానికి రోజుల తరబడి ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. కస్టమర్లు జాలిగానే అడిగేవాళ్లు: "మీ వైపు ఏదో గొడవంటగా?"

ఇక్కడ నేను చేసేది చిన్న దిద్దుబాటు. వాదన కాదు, మాట మార్చి చెప్పడం. వాళ్లు "గొడవ" అంటే నేను "అవునండీ, ఊళ్లు తగలబెట్టారు" అంటాను. వాళ్లు "చుండూరు గొడవ" అంటే "అవును, చుండూరు హత్యలు" అంటాను. అంతే. రెండోసారి మాట్లాడేటప్పుడు చాలామంది నా మాటే వాడతారు, గమనించకుండానే.

అమెరికా పిన్నులతో ఇదే మందు. కొడుకు డాలస్‌లో ఉన్నావిడ 2020లో "నల్లవాళ్లు గొడవలు చేసి షాపులు దోచేస్తున్నారు, మావాడు సేఫ్ ఏరియాలో ఉన్నాడులే" అంది. "సేఫ్ ఏరియా అంటే ఏంటండీ?" "నల్లవాళ్లు లేని చోటు." ఇంత తేలిగ్గా విప్పేస్తే ఏం చేయాలి? సంగతులు చెప్పాలి, రెండంటే రెండే. ఆసియా దేశాలవాళ్లకి అమెరికా తలుపు బాగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. అది నల్లవాళ్లు పౌరహక్కుల కోసం రోడ్డెక్కి దెబ్బలు తింటున్న రోజుల్లోనే వచ్చింది, వాళ్లు సాధించిన 1964 చట్టం తర్వాత ఏడాదే. రెండోది, 2017లో కాన్సస్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని "మా దేశంలోంచి పో" అని కాల్చినవాడు మనవాడు ఎంత తెల్లగా ఉన్నాడో చూడలేదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం "వాడికి ఫోన్ చేసి జాగ్రత్తగా ఉండమనాలి" అంది. నేను కోరుకున్న జవాబు కాదది. తల్లి జవాబు. సరే అన్నాను.

ధర్నా చౌక్ దారిలో

అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్ మాకు దగ్గరే. నినాదాలు ఉన్న రోజున ఆటోలు తిప్పి పోవాలి, కస్టమర్లు చిరాకుగా వస్తారు. చిరాకులో పుట్టే మాట "పెయిడ్ ఆర్టిస్టులు." 2019 డిసెంబరు తర్వాత ఆకుపచ్చ కండువాలు వేసుకుని కూర్చున్న అమరావతి ఆడవాళ్లని అన్నారు. అప్పుడు బాధపడినవాళ్లలో కొందరు 2023 డిసెంబరులో అంగన్‌వాడీలు సమ్మెకి దిగితే అదే మాట అన్నారు. పార్టీ మారుతుంది, మాట మారదు.

ఇక్కడ అడగాల్సింది "అంటే" కాదు, "ఎంత?" "ఎంతిస్తారండీ రోజుకి?" ఎవరికీ తెలియదు. అప్పుడు తెలిసిన అంకె చెప్పండి: అంగన్‌వాడీ టీచరుకి అప్పుడు నెలకి 11,500. సమ్మె 42 రోజులు సాగింది. వాళ్లు అడిగిన గ్రాట్యుటీ వాళ్లకి రావాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇంతకంటే ముందుకి వెళ్లకండి, మీరు ఏ పార్టీ అనేది మొదలవుతుంది, ఇక మిగతా గంట వృథా. "మీకు ట్రాఫిక్ ఇబ్బంది అయింది, అది నిజం" అని కూడా ఒప్పుకోండి. చిరాకుని ఒప్పుకుంటే నింద కాస్త దిగుతుంది.

తగిలిన మనిషిని అడగండి

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడ. ఒకావిడ మా మణిపూర్ అమ్మాయిని "చైనా పిల్లా, టీ తే" అంది. నేను లేచి పది నిమిషాలు దంచాను. ఈశాన్య రాష్ట్రాలవాళ్లని అలాంటి పేర్లతో పిలిస్తే, వాళ్లు ఎస్టీలైతే, అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టమని 2012లోనే కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు రాసిందని కూడా చెప్పాను. పార్లరంతా నిశ్శబ్దం. నాకు ఛాతీ ఉప్పొంగింది. సాయంత్రం అమ్మాయి అంది: "అక్కా, అందరూ నన్నే చూశారు. ఆమె రేపట్నుంచి నా దగ్గర చేయించుకోదు. టిప్పు పోయింది."

అప్పట్నుంచి ముందు ఆ మనిషినే అడుగుతాను: నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా, వదిలేద్దామా? మా ఇద్దరికీ ఒక గుర్తు ఉంది. తను తువ్వాలు ఎడమ భుజం మీద వేసుకుంటే నేను కలగజేసుకోవాలి. లేకపోతే లేదు. నాలుగేళ్లలో అది ఎడమ భుజం మీదికి వచ్చింది ఆరుసార్లే. రెండుసార్లు కస్టమర్ని డబ్బులు తిరిగిచ్చి పంపించాను. కావాలని అనేవాళ్లు అని పైన చెప్పానే, వాళ్లకి ఇదొక్కటే మందు. అరవకుండా, లెక్క సరిచూసి, తలుపు తీసి పట్టుకోవడం. ఒకావిడ ఇప్పటికీ వీధిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంటుంది. ఆవిడ ఫేషియల్‌కి నెలకి రెండువేలు ఇచ్చేది, గుర్తొచ్చినప్పుడల్లా కాస్త బాధగానే ఉంటుంది.

పోయిన సంక్రాంతికి ముందు తాడేపల్లి వైపు కాలేజీలో చదివే ఒక టాంజానియా అమ్మాయి వచ్చింది. జడలు విప్పించుకుని తలంటు కావాలంది. మాకు అలాంటి జుట్టు అలవాటు లేదు. జుట్టు తీరునిబట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా చట్టం చేసిందని నాకు తెలుసు, పదిమందికి చెప్పాను కూడా. కానీ ఆ తల చూడగానే మా మణిపూర్ అమ్మాయితో మెల్లగా తెలుగులో అన్నాను, "వీళ్ల జుట్టు కష్టమే, మామూలు జుట్టు కాదు."

మా మణిపూర్ పిల్ల దువ్వెన ఆపలేదు, తల కూడా ఎత్తలేదు. "మామూలు అంటే ఏంటక్కా?" అంది.

నేను వెళ్లి కొబ్బరినూనె వేడిచేశాను.